ఫ్రాన్స్ పల్లెటూరిలో ఐదు నెలలు ఉండగలమా? హన్మకొండ నుంచి ఇద్దరం రిటైరైనవాళ్లం, సలహా చెప్పండి

హన్మకొండ సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా ఆయన కాజీపేటలో రైల్వేలో చేసి మూడేళ్ల కింద రిటైరయ్యారు. బిడ్డ, అల్లుడు ఫ్రాన్స్‌లో బోర్డోలో ఉంటారు. రెండుసార్లు వెళ్లి నెల నెల ఉండి వచ్చాం గానీ, వాళ్లది రెండు గదుల ఇల్లు, వాళ్లు పొద్దున పోతే రాత్రికి వస్తారు, మేమిద్దరం కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడమే సరిపోయింది. ఈసారి బిడ్డ ఒక మాట చెప్పింది. బోర్డోకు తూర్పున దోర్దోన్య్ అనే జిల్లా ఉంది, అక్కడ పల్లెలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుందాం, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా మీరు అక్కడే ఉండండి, శని ఆదివారాలు మేం వస్తాం అని.

మా ఆయనకు చాలా నచ్చింది. ఆయన పుట్టింది పర్కాల దగ్గర పల్లెలో, చిన్నప్పుడు పత్తి చేన్లలో తిరిగిన మనిషి, రిటైరయ్యాక పల్లెలో ఉండాలని ఎప్పటినుంచో కోరిక. ఇక్కడ అన్నదమ్ముల పంపకాలయ్యాక అది కుదరలేదు.

చూసిన ఇళ్లు రెండు. ఒకటి గుట్ట మీద, పాతకాలం రాతి ఇల్లు, చుట్టూ అక్రోటు తోట, ఫోటోలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ రొట్టెల దుకాణం నాలుగు కిలోమీటర్ల దూరం. రెండోది లలాంద్ అని చిన్న టౌన్ లాంటి ఊరు, బజారు సందులో ఇరుకు ఇల్లు, వెనక చిన్న పెరడు, రైల్వే స్టేషన్‌కు నడిచి పోవచ్చు. ఆయన గుట్ట మీది ఇల్లే కావాలంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. ఆయనకు షుగర్, నాకు బీపీ. ఇద్దరికీ ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. కారు లేదు. వీసా ఎలా, మందులు ఎలా, వంట ఎలా అన్నవి కూడా అడగాలి గానీ అసలు నా భయం వేరే. అక్కడ మాతో మాట్లాడే మనిషి ఉంటాడా? ఎవరైనా ఇలా ఉండి వచ్చినవాళ్లుంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గోదావరిఖని బాబాయి:

చెల్లెమ్మా, నేను ఉండి వచ్చినవాణ్ని, మధ్యలోనే తిరిగి వచ్చినవాణ్ని కూడా. అందుకే రాస్తున్నాను.

మా కొడుకు లిమోజ్‌లో ఉంటాడు, మీరు చెప్పే దోర్దోన్య్‌కు ఉత్తరాన. మేం మూడు నెలలకని అక్టోబర్ చివర పోయాం. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల చెట్ల మధ్య ఇల్లు, ఫోటోల్లో అద్భుతంగా ఉంది. ఇంటాయన మంచివాడే అనుకున్నాం గానీ కరెంటు బిల్లు అద్దెలో కలవదన్న సంగతి వెళ్లాక తెలిసింది, ఆ పాత రాతి గోడలు వేడెక్కడానికి కరెంటు హీటర్లు రాత్రింబవళ్లు తిరిగాయి, మొదటి నెల బిల్లు చూసి మా ఆవిడ గుండె పట్టుకుంది. అదొక్కటే అయితే తట్టుకునేవాళ్లం. డిసెంబర్లో అక్కడ పొద్దున ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లారదు, సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. నేను సింగరేణిలో ముప్పై రెండేళ్లు బాయి దిగిన మనిషిని, చీకటి నాకు కొత్త కాదు. బాయిలో అయితే పక్కన పది మంది ఉంటారు, మాట ఉంటుంది. ఇక్కడ రోజంతా గడిచినా మా ఇద్దరి గొంతులు తప్ప మూడో గొంతు వినబడదు. ఆదివారం నడుద్దామంటే అడవిలో తుపాకుల చప్పుడు, చలికాలం వాళ్లకు వేట సీజన్, మనం నడవాలన్నా మెరిసే రంగు కోటు వేసుకోవాలి. మా ఆవిడ మాట్లాడడం తగ్గించింది, తిండి తగ్గించింది. ఏడో వారంలో కొడుకు టికెట్ మార్చి పంపించాడు.

మీరు పోయేది ఎండాకాలం, అది సగం మేలు. జూన్లో రాత్రి పది గంటలకు కూడా వెలుతురు ఉంటుంది. కానీ గుట్ట మీది ఇల్లు మాత్రం వద్దమ్మా. కారు నడిపేవాళ్లకే అది ఇల్లు, నడవని వాళ్లకు జైలు. మీ ఆయనకు నా మాటగా చెప్పండి, పల్లె అంటే చెట్లు కావు, మనుషులు.

మానేరు ఒడ్డు, కరీంనగర్:

అక్కా, బాబాయి గారు చెప్పింది చదివి బాధేసింది. మాది వేరే అనుభవం, కాబట్టి వివరంగా రాస్తాను. మేం రెండేళ్ల కింద మే నుంచి అక్టోబర్ దాకా అదే జిల్లాలో ఉన్నాం, మీరు చెప్పిన రైల్వే లైన్ మీదే. బోర్డో నుంచి సార్లా దాకా పోయే చిన్న రైలు అది, లిబూర్న్, సాంత్-ఫోయ్, బెర్జెరాక్, లలాంద్, ల బ్యూసోన్, సాన్-సిప్రియాన్ అన్నీ దాని మీదే ఉంటాయి. బోర్డో నుంచి బెర్జెరాక్‌కు గంటన్నర లోపే. ఆ లైన్ మీద ఏ ఊరు తీసుకున్నా బిడ్డ దగ్గరికి మీరే పోవచ్చు, ఆమె కోసం శనివారం దాకా ఎదురుచూడక్కర్లేదు. మీ ఆయన రైల్వే మనిషి, ఈ ఒక్క మాట చాలు అనుకుంటున్నాను.

నా సలహా, ఇల్లు చూడకండి, ఊరు చూడండి. రొట్టెల దుకాణం, మందుల దుకాణం, వారం అంగడి, ఈ మూడూ నడక దూరంలో ఉన్నాయా లేదా అంతే. లలాంద్‌లో గురువారం అంగడి. సాన్-సిప్రియాన్‌లో ఆదివారం. సార్లాలో బుధ, శనివారాలు, కానీ అక్కడ ఎండాకాలం టూరిస్టుల తొక్కిసలాట, అద్దెలు ఎక్కువ. మన దగ్గర అంగడి రోజు ఊరు ఎట్లా మారిపోతుందో అక్కడా అంతే. పొద్దున ఎనిమిదికి మొదలై మధ్యాహ్నం పన్నెండున్నరకు సర్దేస్తారు. ఏప్రిల్, మేలో స్ట్రాబెర్రీలు, జూన్లో చెర్రీలు, జూలై నుంచి టమాటాలు, వంకాయలు. మేం ప్రతి వారం ఒకే ముసలామె దగ్గర కూరగాయలు కొన్నాం, కావాలనే. మూడో వారం ఆమె మమ్మల్ని గుర్తుపట్టింది, ఐదో వారం ఊరికే ఒక కొత్తిమీర కట్ట వేసింది, జూలైకి వాళ్ల తోట చూడడానికి పిలిచింది. భాష రాకపోయినా ఇది జరిగింది.

భాష గురించి ఒక్కటే. దుకాణంలోకి అడుగు పెట్టగానే, ఏమీ అడగకముందే, "బోంజూర్" అనాలి. బయటికి వచ్చేటప్పుడు "ఓ రెవ్వార్". మనం నేరుగా పోయి ఇది ఎంత అని అడుగుతాం, వాళ్లకది చాలా మొరటుగా అనిపిస్తుంది. మొదటి వారం రొట్టెల దుకాణం ఆమె మాతో ముభావంగా ఉంటే రంగు చూసి అట్లా ఉందనుకుని మనసు కష్టపెట్టుకున్నాను. తర్వాత మా అబ్బాయి చెప్పాడు, మీరు బోంజూర్ అనడం లేదమ్మా అని. మర్నాడు అన్నాను. ఆమె ముఖం మారిపోయింది. వీధిలో ఎదురయ్యే ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా చెప్పాలి, పల్లెల్లో అది మామూలే. ఆ జిల్లాలో స్థిరపడ్డ ఇంగ్లీషువాళ్లు కూడా చాలామంది ఉన్నారు, మీకు ఇంగ్లీషు వస్తుంది కాబట్టి మాట్లాడే మనిషి తప్పకుండా దొరుకుతాడు. వెళ్లిన మొదటి వారంలోనే మెయిరీకి, అంటే వాళ్ల పంచాయతీ ఆఫీసుకు, వెళ్లి ఫలానా ఇంట్లో దిగాం అని పరిచయం చేసుకోండి. మేం పోతే చెత్త ఏ రోజు ఏ డబ్బాలో వేయాలో కాగితం ఇచ్చారు, ముందు రోజు ఫోన్ చేస్తే ఇంటి దగ్గరికి వచ్చే చిన్న బస్సు ఉందని కూడా అక్కడే తెలిసింది.

వంట సంగతి. కందిపప్పు పల్లెలో దొరకదు, బోర్డో నుంచి బిడ్డ తేవాలి. ఎర్రపప్పు మాత్రం ప్రతి సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, "లాంతీ కొరాయ్" అని రాసి ఉంటుంది. బాస్మతీ బియ్యం ఉంటుంది. అంగడిలో "ఓసేయ్" అనే ఆకు కనబడితే వదలకండి, అది మన చుక్కకూర జాతిదే, ఎర్రపప్పులో వేసి వెల్లుల్లి పోపు పెడితే మా ఆయన కళ్లు మూసుకుని తిన్నారు. కుక్కర్ తీసుకెళ్లండి, ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసే అడుగు ఉన్నది. కరెంటు మనలాగే 230 వోల్టులు కాబట్టి చిన్న మిక్సీ పనిచేస్తుంది, ప్లగ్గు మాత్రం వేరు, అడాప్టర్ కావాలి. బాత్రూంకు ఒక మగ్గు పెట్టుకోండి.

ఇంకోటి, ఎండ. మనం వరంగల్, కరీంనగర్ ఎండలు చూసినవాళ్లం అనుకుంటాం. అక్కడ కూడా వడగాలుల రోజుల్లో నలభై డిగ్రీలు దాటుతుంది, ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ ఉండదు. పగలంతా చెక్క కిటికీ తలుపులు మూసేసి, పొద్దుగూకాక తెరవాలి. టేబుల్ ఫ్యాన్ జూన్ రాకముందే కొనిపెట్టుకోండి, ఎండలు మొదలయ్యాక దుకాణాల్లో దొరకవు.

మీరు సోషల్ టీచర్ కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. లలాంద్ 1267లో ఇంగ్లండ్ రాజులు కట్టించిన ఊరు, అప్పట్లో ఆ ప్రాంతం వాళ్ల చేతిలో ఉండేది. అక్కడికి దగ్గర్లో మోంపాజియె అని ఇంకోటి, 1284లో మొదటి ఎడ్వర్డ్ వేయించాడు. అంటే రెండూ మన రుద్రమదేవి ఏలుతున్న రోజుల్లో పుట్టినవి! ఓరుగల్లు కోట గుండ్రంగా వలయాలుగా ఉంటే, మోంపాజియె గీత గీసినట్టు చదరంగా, వీధులన్నీ నిలువూ అడ్డం, మధ్యలో అంగడి చావడి, చుట్టూ కమానుల వరండాలు. ఆ వరండా కింద నిలబడి, ఇదే కాలంలో మన కీర్తి తోరణాల మధ్య ఎట్లాంటి సందడి ఉండేదో అని ఆలోచిస్తూ నేను చాలాసేపు ఉండిపోయాను.

టూలూజ్‌లో వరంగల్ పిల్లగాడు:

మేడమ్ నమస్తే, నేను కాగితాల గురించి రాస్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు ఇందులోనే ఇబ్బంది పడుతున్నారు.

మీరు ఇదివరకు వచ్చింది షెంగెన్ షార్ట్ స్టే వీసా మీద, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే కొద్ది రోజుల వీసా మీద అయి ఉంటుంది. దాంట్లో ఏ 180 రోజులు లెక్కపెట్టినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ అంటే ఐదు నెలలు, అది కుదరదు. మధ్యలో ఇంటికి పోయి వస్తే లెక్క మళ్లీ మొదలవుతుందని కొందరు చెబుతారు, తప్పు. 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్ర, ఫోటో తీసుకుని రాకపోకలు కంప్యూటర్లో నమోదు చేసే పద్ధతి మొదలైంది, ఒక్క రోజు ఎక్కువైనా తెలిసిపోతుంది.

మీకు కావలసింది లాంగ్ స్టే వీసా, విజిటర్ కింద. ఫీజు 99 యూరోలు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, అంతకుముందు తీసుకోరు. ఫ్రాన్స్ వీసా వెబ్‌సైట్‌లో ఫారం నింపి, హైదరాబాద్‌లో వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ సెంటర్‌లో ఇద్దరూ స్వయంగా వేలిముద్రలు ఇవ్వాలి. పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉండబోయే ఇంటి అగ్రిమెంటు, ఉన్నన్ని రోజులకు సరిపడా హెల్త్ ఇన్సూరెన్స్, అక్కడ ఏ ఉద్యోగమూ చేయబోమని రాసిన హామీ పత్రం. మీకొచ్చే వీసా రెండు రకాల్లో ఒకటి అవుతుంది. ఒకటి దిగాక మూడు నెలల్లోపు ఆన్‌లైన్లో వాలిడేట్ చేయాల్సింది, ఇంకోటి ఆ పని అక్కర్లేనిది కానీ అక్కడ పొడిగించుకోలేనిది. స్టిక్కర్ మీద రాసి ఉన్నది అల్లుడి చేత చదివించుకోండి. బిడ్డ మెయిరీ నుంచి తెచ్చే ఆహ్వాన పత్రం షార్ట్ స్టేకు పనికొచ్చేది, దీనికి కాదు.

సార్‌ది రైల్వే పెన్షన్ కదా, నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, మీరు సెప్టెంబర్‌కే వచ్చేస్తున్నారు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

సామాను సంగతి జాగ్రత్త. బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు. అంటే నెయ్యి, కోవా, మటన్ పచ్చడి పెట్టుకోకండి, తీసి పడేస్తారు. మామిడికాయలు, పచ్చి కరివేపాకు కూడా కుదరవు. ఆవకాయ, కారం, పసుపు, ఎండు మసాలాలు, నూనెలో వేయించిన సకినాలు పర్వాలేదు. మందులకు మీ డాక్టరు చేత ఐదు నెలలకూ సరిపడా రాయించుకోండి, కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉండాలి, అవి చేతి సంచీలోనే పెట్టుకోండి. పల్లెల్లో డాక్టర్ల కొరత నిజంగా ఉంది, చాలామంది కొత్త పేషెంట్లను తీసుకోరు, చూపించుకుంటే మామూలు ఫీజు 30 యూరోలు. అందుకే వెళ్లకముందే హన్మకొండలో ఇద్దరూ ఒకసారి పూర్తి పరీక్షలు చేయించుకోండి. ఆపద వస్తే 112, అంబులెన్స్ డాక్టరుకు నేరుగా 15. రాత్రిపూట తెరిచి ఉండే మందుల దుకాణం ఎక్కడుందో 3237కు ఫోన్ చేస్తే చెబుతారు. ఈ మూడు నంబర్లు ఫ్రిజ్ మీద అంటించండి.

హన్మకొండ సోషల్ టీచర్:

మీ అందరికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. రాత్రి ఆయనకు అన్నీ చదివి వినిపించాను. గోదావరిఖని అన్నయ్య రాసింది విన్నాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత రైలు లైన్ మ్యాప్ చూపించమన్నారు, ఒక్కో స్టేషన్ పేరు చదివించుకున్నారు. అయినా కారు మాట వదలడం లేదు, ఇక్కడ లైసెన్స్ ఉంది, ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని నడుపుతాను, అప్పుడు గుట్ట మీది ఇల్లు కూడా చూడొచ్చు అంటున్నారు. అరవై మూడేళ్లకు కుడివైపు నడపడం కుదురుతుందా? ఇంకో మాట, అన్నయ్యా, వదిన గారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

మానేరు ఒడ్డు, కరీంనగర్:

అక్కా, మా ఆయన కూడా ఇదే పట్టు పట్టారు, పర్మిట్ తీసుకున్నారు, నడిపారు కూడా. కుడివైపు నడపడం వారంలో అలవాటవుతుంది. కష్టమల్లా వాళ్ల కుడి చేతి నియమంతోనే. బోర్డు ఏమీ లేని కూడలిలో మీ కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి, అది చిన్న సందులోంచి వచ్చినా సరే. మీరు పెద్ద రోడ్డు మీద ఉన్నామని ధీమాగా పోతే అతను ఆగడు, ఆగాల్సిన పని అతనికి లేదు. మేం ఒకసారి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాం. ఆ రోజు నుంచి ఆయన కారు ఆదివారాలు అబ్బాయి పక్కన కూర్చున్నప్పుడే తీశారు. అక్కడ ఊళ్ల మధ్య రోడ్లు సన్నగా ఉంటాయి, రెండు వైపులా పొదలు, ఎనభై దాకా వేగం అనుమతిస్తారు, స్థానికులు అంతే వేగంతో పోతారు.

నడక కావాలంటే లలాంద్‌లో నది పక్కనే పాత కాలువ ఉంది, దాని గట్టు మీద చదునైన దారి, చెట్ల నీడ. షుగర్ ఉన్న మనిషికి పొద్దున గంట నడవడానికి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు. గుట్ట మీది ఇంట్లో ప్రతి నడకా దిగడం, ఎక్కడమే అవుతుంది. ఆ ఇల్లు అంతగా నచ్చితే బిడ్డా అల్లుడూ సెలవులు పెట్టుకున్న వారం రోజులకు దాన్ని తీసుకోండి, మిగతా రోజులు బజారు ఇంట్లో ఉండండి.

గోదావరిఖని బాబాయి:

మీ వదిన బాగుంది చెల్లెమ్మా, అడిగినందుకు సంతోషం. వచ్చిన పదిహేను రోజుల్లోనే మామూలు మనిషైంది, చుట్టుపక్కల ఆడవాళ్లతో కూర్చుని ముచ్చట్లు పెడితే సగం రోగం పోయింది. నిన్న మీ పోస్టు ఆమెకు చదివి వినిపిస్తే, ఎండాకాలమైతే, ఊళ్లో ఇల్లైతే మళ్లీ పోదామంది. నేను అనుకోలేదు. మీరు వెళ్లాక అంగడి ఎట్లుందో, ఇల్లు ఎట్లుందో ఇక్కడే రాయండి, మేం చూస్తుంటాం.

హన్మకొండ సోషల్ టీచర్:

ఇవాళ పొద్దున బిడ్డకు ఫోన్ చేసి బజారు సందులోని ఇల్లు ఖాయం చేయమన్నాం. గుట్ట మీది ఇల్లు ఆగస్టులో వారం రోజులకు దొరుకుతుందేమో అడుగుతానంది. పెరడు ఎంత ఉందో కొలిచి పంపమని ఆయన అల్లుడికి చెప్పారు, టమాటా నారు, కొత్తిమీర వేస్తారట. జనవరి మొదటి వారంలో వీసాకు హైదరాబాద్ పోతాం. చుక్కకూర లాంటి ఆ ఆకు పేరు ఒక కాగితం మీద రాసుకున్నాను, ఓసేయ్.